ముందే రాసిన హాజరు

జూలై 11, గురువారం. ఉదయం 10-30. యార్డు ఆఫీసు, మేడ మీద గది.

హాజరైనవారు: మధ్యవర్తిగా నేను. కంపెనీ తరఫున పర్సనల్ ఆఫీసరు. ఆరోపణ ఎదుర్కొంటున్న కలాసీ. సాక్షిగా క్రేన్ ఆపరేటరు.

ఈ నలుగురి పేర్లూ కాగితం మీద రాసేటప్పటికి ఆ గదిలో ఉన్నది నేనొక్కడినే. టైము పదీ పది. బయట వాన పడుతోంది.

ముందే రాసిపెట్టుకోవడం నా పద్ధతి. ఒక పెద్ద కర్మాగారం టైమ్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, అదే ఆఫీసుకి పెద్దగా పదవీ విరమణ చేశాను. మధ్యలో ఎన్నో విచారణల్లో కూర్చుని వాళ్లూ వీళ్లూ చెప్పింది రాశాను. తేదీ, చోటు, హాజరైనవారు, ఈ మూడూ మనుషులు రాకముందే రాసేసేవాణ్ణి. మాటలు మొదలయ్యాక చెయ్యి అందుకోలేదు. ఎవరైనా రాకపోతే కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు వేయాలి. కొట్టివేతలంటే నాకు పడదు. నా కాగితంలో ఒక్క దిద్దుబాటు కూడా ఉండదని పై అధికారులు మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు ఇష్టంగానే ఉండేది.

రిటైరయ్యాక గాజువాకలోనే ఉండిపోయాం. ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్లం, వెనక్కి వెళ్లాలనిపించలేదు. రేవు దగ్గర సరుకు ఎక్కించి దించే ఒక ప్రైవేటు కంపెనీ వాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల నియామక పత్రాల్లో ఒక షరతు ఉంది. పనివాడికీ కంపెనీకీ వివాదం వస్తే మధ్యవర్తి విని చెప్పిందే ఆఖరు. ఆ మధ్యవర్తిని ఎంచేది కంపెనీ. మా వీధిలో ఉండే లాయరు ఈ సంగతి విని, "ఒక జట్టు తన వెంట తెచ్చుకున్న అంపైరన్నమాట మీరు" అన్నాడు. లేబర్ కోర్టు ముందు ఆ షరతు నిలుస్తుందో లేదో అనుమానమే అని కూడా అన్నాడు. నాకు కోపం వచ్చింది. అంతకుముందు నాలుగు కేసుల్లో తీర్పు చెప్పాను. నాలుగూ కంపెనీ వైపే చెప్పాను. ప్రతిదానికీ కారణాలు రాశాను. ఆ కారణాలు ఇప్పుడు తలచుకున్నా తప్పుగా అనిపించవు. అసలు ఇబ్బంది అదే.

ఇది ఐదో కేసు. ఓడలోకి ఉక్కు పలకలు ఎక్కించే చోట ఈ కలాసీ కింద నిలబడి, పైన క్యాబిన్‌లో ఉన్న ఆపరేటరుకి చేత్తో సైగలు చేస్తాడు. అతని సైగ లేకుండా క్రేన్ కదలకూడదు. ఒక రోజు సరుకు గాల్లో ఉండగా అతను పని వదిలేసి నడిచి వెళ్లిపోయాడని, అడిగిన సూపర్‌వైజర్‌ని అందరి ముందూ తిట్టాడని ఆరోపణ. అతను రాసిచ్చిన జవాబు వేరు. సరుకు కట్టిన ఇనుప తాడులో పోగులు తెగి ఉన్నాయి. రెండు చేతులూ అడ్డంగా పెట్టి ఆపమని చూపించాను. సరుకు కిందికి దిగాకే అక్కణ్ణుంచి కదిలాను. ఇదీ అతను చెప్పేది.

సూపర్‌వైజర్ ఫిర్యాదు కాగితం మీద ఉంది. చేతులు అడ్డం పెట్టాడా లేదా అన్నది చెప్పగలిగిన మనిషి ఒక్కడే, పైనున్న ఆపరేటరు. పెట్టలేదని తేలితే కలాసీ ఉద్యోగం పోతుంది. యాభైకి దగ్గర పడ్డవాడు. ఒక గేటులో పాసు రద్దయిన మనిషిని ఈ రేవులో ఇంకో గేటు లోపలికి రానివ్వదు.

ఆ రోజు పదిన్నరకి కలాసీ రాలేదు. పది నిమిషాలు చూశాం. పర్సనల్ ఆఫీసరు వయసులో చిన్నవాడు, మర్యాదస్థుడు. "సార్, ఆపరేటర్ పదకొండున్నరకి క్రేన్ ఎక్కాలి. ఓడ ఆగిపోయి ఉంది. మొదలుపెట్టేద్దామా? అతను వచ్చాక చదివి వినిపిద్దాం" అన్నాడు. సరేనన్నాను.

ఆపరేటరు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని దాని పట్టీని చుడుతూ విప్పుతూ ఉన్నాడు.

"సేతులు అడ్డం ఎట్టడం నాను సూల్లేదు సార్. మనిసి ఎల్లిపోయినాడు. అంతే."

"లోడు అప్పుడు ఎక్కడుంది?"

"పైనే ఉంది సార్."

"తర్వాత?"

"తర్వాతేటుంది సార్, దింపీసినాను."

అంతే రాసుకున్నాను. అతను సంతకం పెట్టి, ఇచ్చిన టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

కలాసీ పదకొండూ ఇరవైకి వచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. కుర్చీ తడుస్తుందని నిలబడే ఉన్నాడు.

"పదిన్నర అంటే పదిన్నరే" అన్నాను. "నీ ఉద్యోగం సంగతి మేం మాట్లాడుతుంటే నీకే తీరిక లేకపోతే ఎలా?"

"గేటుకాడ, బాబూ..."

"గేటు సంగతి తర్వాత. ముందు ఇది విను."

ఆపరేటరు చెప్పింది చదివి వినిపించాను. అతను గోడ వైపు చూస్తూ విన్నాడు. అయ్యాక, "ఆణ్ణి ఓ మాట అడగొచ్చా బాబూ?" అన్నాడు.

"అతను డ్యూటీకి వెళ్లిపోయాడు. తర్వాత చూద్దాం."

సంతకం పెట్టాల్సిన చోట్ల పర్సనల్ ఆఫీసరు పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. కలాసీ నీళ్లు కారుతున్న చేతిని ప్యాంటుకి తుడుచుకుని, గుర్తు ఉన్న చోటల్లా సంతకం పెట్టాడు. చదువుకోమన్నాను.

"మీరు రాసినారు కదా బాబూ. మరి నాను సదివేదేటి."

ఆ కాగితం పైన అతని పేరు హాజరైనవారిలో ఉంది. రావడమైతే వచ్చాడు కదా. కొట్టేయాల్సిన పని నాకు కనిపించలేదు. ఎన్ని గంటలకి వచ్చాడో రాయాలన్న ఆలోచనా రాలేదు. సాక్షిని మళ్లీ పిలిపించమని చెప్పడం కూడా మరిచాను. మరిచాననే రాస్తున్నాను, ఎందుకంటే ఇంకో మాటేదీ నిజం కాదు.

రెండు వారాలకి పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. మా ఆవిడ చింతపండు, ఎండుమిర్చి అక్కడివే కావాలంటుంది. ఒక కొట్టు ముందు లారీలోంచి బస్తాలు దించుతున్నారు. వాళ్లలో మా కలాసీ ఉన్నాడు. కేసు నడుస్తుండగా ఒక పక్షంతో విడిగా మాట్లాడకూడదని నాకు తెలుసు. పక్క సందులోకి తిరగబోయాను.

"ఏటి బాబూ, ఇటొచ్చినారు?"

బస్తా కింద ఉన్న ఇంకొకడు తల తిప్పి, "ఎవుల్రా ఆ బాబు?" అన్నాడు.

"మా జడ్జీబాబురా."

"జడ్జీలు సింతపండు కొంటారేటి!"

"జడ్జీబాబు ఇంట్లో సారు కాసుకోరేటిరా? నీ బస్తా నువ్వు మొయ్యి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"కేసు గురించి మనం మాట్లాడుకోకూడదు" అన్నాను.

"కేసు గురించి కాదు బాబూ. గేటు గురించి." అంటూ చెయ్యి చాపి, రేవు అక్కడే ఉన్నట్టు చూపించాడు. "సస్పెండ్ సేసినపుడు నా పాసు లాక్కున్నారు. ఎంక్వైరీకి రమ్మని కాయితం పంపినారు గానీ పాసు పంపలేదు. తొమ్మిదిన్నరకే గేటుకాడ ఉన్నాను. సెక్యూరిటీ ఆయన పైకి ఫోన్ సేత్తానే ఉన్నాడు, ఎవులూ ఎత్తలేదు. వానలోనే నిలబడ్డాను. నాను వచ్చిన టైము పుస్తకంలో రాసినాడు, సూసుకోండి. మీరు లేటన్నారు కదా, అందుకు సెప్తన్నాను. లేటు మనిసిని కాను నాను."

అంతే చెప్పి, మళ్లీ బస్తాల దగ్గరికి వెళ్లిపోయాడు. కేసు గురించి ఒక్క మాట ఎత్తలేదు. నేను ఎండుమిర్చి కొనకుండానే ఇంటికి వచ్చాను. మా ఆవిడ సంచీ తెరిచి చూసి, "సగం సరుకు ఏది?" అంది.

ఆగస్టు మొదట్లో కంపెనీ రాతపూర్వక వాదన వచ్చింది. నాలుగు పేజీలు. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. ఆపరేటరు సాక్ష్యం చెప్పినప్పుడు ఆరోపితుడు హాజరై ఉండి కూడా ఒక్క ప్రశ్నైనా వేయలేదు, కాబట్టి ఆ సాక్ష్యాన్ని అతను ఒప్పుకున్నట్టే భావించాలి. దానికి ఆధారంగా జూలై పదకొండో తేదీ కాగితం జతచేశారు. నా చేతిరాత. కొట్టివేతలు లేవు. కింద అతని సంతకం.

లేచి నా డైరీ తీశాను. డైరీలో నేను గంటలు రాసుకుంటాను. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "10-45 ఆపరేటరు సాక్ష్యం మొదలు. 11-00 పూర్తి, వెళ్లాడు. 11-20 కలాసీ వచ్చాడు, తడిసి. మందలించాను."

రెండూ నేను రాసినవే. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అతను ఒప్పుకున్నట్టు ఎవరూ అబద్ధం సృష్టించలేదు. సృష్టించాల్సిన అవసరమే లేకుండా నేను ముందే రాసిపెట్టాను.

తర్వాత పాత డైరీలున్న ట్రంకుపెట్టె లాగాను. మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం పోయింది?"

చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"అమ్మాయి పెళ్లికి వచ్చినవాళ్ల పేర్లు ముందురోజే రాసేసుకున్నారు కదా మీరు. మా మేనమామ రాలేదు. రాలేదని నేను ఏడిస్తే, మీ పుస్తకంలో ఆయన ఇప్పటికీ వచ్చినట్టే ఉన్నాడు."

నిజమే, ఉన్నాడు.

పెట్టెలో నా పాత విచారణల కాగితాలు కొన్ని నకళ్లుగా దాచుకున్నవి ఉన్నాయి. వాటి తేదీలు చూసి డైరీలు తిప్పాను. ఒకచోట దొరికింది. క్యాంటీన్‌లో పనిచేసే మనిషి. కాగితంలో హాజరు. డైరీలో: "రాలేదు. జ్వరమని కబురు. అయినా పూర్తి చేశాం." అతనికి ఏం శిక్ష పడిందో నేను రాసుకోలేదు. ఏమయ్యాడో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. దాచుకోని కాగితాలు ఎన్నో ఉంటాయి. ఆ లెక్క నాకు తేలదు.

మర్నాడే కంపెనీకి ఉత్తరం రాశాను. నా కాగితం తప్పు. సాక్ష్యం చెప్పేటప్పుడు కలాసీ గదిలో లేడు. గేటు పుస్తకం నకలు పంపండి. ఆపరేటర్‌ని మళ్లీ పిలవండి.

ఉత్తరానికి బదులు పర్సనల్ ఆఫీసరే ఇంటికి వచ్చాడు. సింహాచలం వెళ్లి వస్తున్నానని ప్రసాదం పొట్లం తెచ్చాడు. కాఫీ తాగేదాకా వాతావరణం మాట్లాడాడు.

"సార్, చిన్న విషయం. అతను సంతకం పెట్టాడు కదా?"

"పెట్టమంటే పెట్టాడు."

"మీరు చదివి వినిపించారు కూడా. ప్రశ్న ఉంటే రాసిచ్చుండొచ్చు."

"నన్ను అడిగాడు. తర్వాత చూద్దామన్నాను. చూడలేదు."

అతను కప్పు కింద పెట్టాడు. "మీ మీద గౌరవంతో చెప్తున్నాను సార్. మీరు రాసిన కాగితాన్ని మీరే తప్పంటే, ముందు చెప్పిన నాలుగు కేసుల సంగతేంటి? వాటి కాగితాలూ మీరు రాసినవేగా."

ఆ మాట బెదిరింపో, నిజమైన సందేహమో నాకు తెలియలేదు. ఏదైనా జవాబు ఒక్కటే. "ఆ నాలుగింటి నకళ్లు కూడా పంపండి, చూస్తాను" అన్నాను.

అవి పంపలేదు. గేటు పుస్తకం నకలు మాత్రం వచ్చింది. అందులో కలాసీ వచ్చిన టైము 9-32. లోపలికి వదిలిన టైము 11-14. మధ్యలో సెక్యూరిటీ మనిషి ఎర్ర ఇంకుతో "ఫోన్ ఎత్తలేదు" అని మూడుసార్లు రాశాడు. నా కన్నా మంచి రాతకాడు.

ఆగస్టు చివర మళ్లీ కూర్చున్నాం. కంపెనీ కారు వద్దని చెప్పి, షేర్ ఆటో ఎక్కి తొమ్మిదింటికే గేటు దగ్గరికి చేరాను. కలాసీ అప్పటికే అక్కడున్నాడు. పాసు వచ్చేదాకా నేనూ బయటే నిలబడతానని సెక్యూరిటీ మనిషితో చెప్పాను. పావుగంటలో పాసు వచ్చింది. మొదటిసారీ పావుగంట పనే అది.

మేడ మీద గదిలో అందరూ కూర్చున్నాక, ఒక్కొక్కరి మొహం చూసి హాజరు రాశాను.

కలాసీ, ఆపరేటరు ఎదురెదురుగా ఉన్నారు. ఇద్దరూ తొమ్మిదేళ్లుగా ఒకే క్రేన్‌కి పైనా కిందా పనిచేసినవాళ్లు. ఆపరేటరు బల్ల వైపే చూస్తున్నాడు.

"అడుగు" అన్నాను.

"బావా, నాను సేతులు అడ్డం ఎట్టకపోతే నువ్వు లోడు ఎందుకు దింపినావ్?"

పర్సనల్ ఆఫీసరు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను.

"సూపర్‌వైజర్ దింపమన్నాడు" అన్నాడు ఆపరేటరు చివరికి.

"ఎలాగన్నాడు బావా? అరిత్తే నీకు ఇనబడద్దా ఆ ఎత్తులో? ఆ రోజు ఆయన వాకీటాకీ పాడైపోయింది. పొద్దున్నుంచీ నా మీదే అరుత్తన్నాడు కదా, ఎల్లి ఆడికి సెప్పు, ఎల్లి ఆడికి సెప్పు అని. నువ్వు పైనుంచి నవ్వినావ్ కూడాను."

ఆపరేటరు హెల్మెట్ పట్టీని చుట్టడం ఆపాడు. కాంట్రాక్టు మీద ఉన్న మనిషి. ఏటేటా కొత్త కాగితం మీద సంతకం పెడితేనే అతనికి క్రేన్ ఉంటుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"ఎట్టినాడు సార్" అన్నాడు నా వైపు తిరిగి. "సేతులు అడ్డం ఎట్టినాడు. నాను దింపినాను. లోడు నేలకి ఆనినాకే ఆడు ఎల్లినాడు. రాసుకోండి."

అతను చెప్పినట్టే రాశాను. రాసింది చదివి వినిపించి, అతని చేతే చదివించి, సంతకం తీసుకున్నాను.

"మరి సూపర్‌వైజర్‌ని తిట్టావా?" అని కలాసీని అడిగాను.

"తిట్టినాను బాబూ. అదీ రాసుకోండి. ఆయన అమ్మని తిట్టలేదు గానీ, ఆయన బాబుని తిట్టినాను."

పర్సనల్ ఆఫీసరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆపరేటరు మాత్రం నవ్వలేదు.

నిర్ణయం రాయడానికి రెండు రోజులు పట్టింది. పని వదిలి వెళ్లాడన్న ఆరోపణ రుజువు కాలేదు. తిట్టినందుకు హెచ్చరిక చాలు. వెంటనే పనిలోకి తీసుకోవాలి. ఎవరూ రాకముందే హాజరు రాసిన పొరపాటు నాదేనని కూడా అందులోనే రాశాను. ఆ వాక్యం అవసరం లేదు సార్ అన్నారు కంపెనీవాళ్లు. ఉంచాను. కాగితం అందజేసిన సాయంత్రమే పర్సనల్ ఆఫీసరు ఫోన్ చేశాడు. మధ్యవర్తుల జాబితా మారుస్తున్నారనీ, ఇంతకాలం నేను చేసిన సహాయానికి కృతజ్ఞతలనీ చెప్పాడు. గొంతులో నిష్ఠూరం లేదు. నేనూ థాంక్స్ చెప్పాను.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. నాకు అక్కడ పని లేదు. వెళ్లాలనిపించింది.

ఆరింటి షిఫ్టు అప్పటికి లోపలికి వెళ్లిపోయింది. కలాసీ గేటు పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో ప్లాస్టిక్ కవర్లో నా నిర్ణయం నకలు. పాసు ఇంకా రాలేదట. రోడ్డు అవతల టీ బడ్డీ దగ్గర బల్ల మీద ఆపరేటరు కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ బల్ల కింద ఉంది.

"నువ్వు లోపల లేవేం?" అన్నాను రోడ్డు దాటి వెళ్లి.

"నా పేరు ఇవాళ లిస్టులో లేదంట సార్. పైనుంచి ఫోన్ వచ్చేదాకా ఆగమన్నారు." టీ ఊదుకుని తాగాడు. "ఆడు పదకొండిటిదాకా ఆగినాడు కదా. నాను మజ్జానందాకా ఆగగల్ను."

కలాసీ రోడ్డు దాటి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కేసు మాట ఎత్తలేదు. చేపల రేటు గురించి, ఎవరో కొత్త కలాసీ కొక్కేనికి తల కొట్టుకోవడం గురించి మాట్లాడుకున్నారు. ఏడూ నలభైకి సెక్యూరిటీ మనిషి గేటులోంచి చెయ్యి ఊపి కలాసీ పేరు పిలిచాడు. ఆపరేటరు పేరు పిలవలేదు.

కలాసీ లేచాడు గానీ కదల్లేదు. అవతలి గేటు వైపు, ఇవతలి బల్ల వైపు చూస్తున్నాడు.

"ఎల్లు బావా" అన్నాడు ఆపరేటరు. "లేటైతే మళ్లీ ఎంక్వైరీ ఎడతారు."

అతను వెళ్లాడు. గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టేముందు, వంగి టైము చదువుకోవడం మా బల్ల దగ్గరికి కనిపించింది.

ఆపరేటరు నాకో టీ చెప్పాడు. వద్దన్నా వినలేదు.

"నా మీద ఎంక్వైరీ ఎడితే మీరే వస్తారా సార్?"

"నన్ను ఇక పిలవరు."

"ఎవులొచ్చినా" అన్నాడు గేటు వైపు చూస్తూ, "నా పేరు ముందే రాసీయకండని సెప్పండి."

ఎవరికి చెప్పాలో నాకు తెలియదు. టీ తాగి, తొమ్మిది దాటేదాకా అతనితోనే ఆ బల్ల మీద కూర్చున్నాను. అప్పటికీ పైనుంచి ఫోన్ రాలేదు.